ఇంగువ మీద పడ్డ నింద

మా ఇల్లు వాసనొస్తోందని మొదట చెప్పింది మా అమ్మాయి మేధ. తొమ్మిదో తరగతి చదువుతోంది. నవంబరులో ఒక సాయంత్రం తన స్నేహితురాలు ఇంగ్రిడ్‌ని కారు దాకా సాగనంపి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా తలుపు దగ్గరే నిలబడింది. మన ఇల్లు వాసనొస్తోందని ఇంగ్రిడ్ అందట. ఏం వాసన అని నేను అడగలేదు. ఆ క్షణాన పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది, నా చేతిలో ఇంగువ డబ్బా ఉంది. దొంగ సొత్తుతో సహా దొరికిపోయాక ఇంక అడగడానికి ఏముంటుంది?

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎదుటివాళ్ళు రాసినదాంట్లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. బగ్ ఫలానా చోట ఉందని డెవలపర్ ఒట్టేసి చెప్పినా నమ్మను. దాన్ని మళ్ళీ మళ్ళీ రప్పించి నా కళ్ళతో చూడాలి. ఈ మొండితనం వల్ల ఆఫీసులో నేనంటే కొందరికి భయం, మిగతావాళ్ళకి విసుగు. అలాంటిదాన్ని ఆ రోజు ఒక్క ప్రశ్న వేయకుండా నా వంటింటిదే నేరమని ఒప్పేసుకున్నాను. మా ఆయన ఫణి కూడా అంతే. కరీంనగర్ మనిషి, వాళ్ళమ్మ పులిహోరలో తప్ప ఇంగువ ముట్టదు. "జర ఇంగువ తగ్గియ్యి నమ్రతా" అన్నాడు, పెళ్ళైనప్పటి నుంచీ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు.

మేం ఆ వేసవిలోనే టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి మిన్నెసోటాకు మారాం. ఫణి ఉద్యోగం ఇక్కడికి మారింది, వెనకాలే మేమూ వచ్చాం. టెక్సస్‌లో మాకు తెలిసిన చలి ఆఫీసు ఏసీలోది. ఇక్కడ చలికాలంలో బయట కాలు పెడితే ముక్కులో వెంట్రుకలు బిగుసుకుపోతాయి. ఇల్లు కొన్నాం. పాతదే అయినా గట్టిది, పైగా కింద బేస్‌మెంట్ ఉంది. ఫ్రిస్కోలో మాకు గానీ, మాకు తెలిసినవాళ్ళకు గానీ బేస్‌మెంట్ లేదు. అంత చోటు ఊరికే దొరికితే తెలుగువాళ్ళం ఏం చేస్తాం? బియ్యం పెట్టాం. మెట్ల కింది గదిలో నేలంతా ఫణి చెక్కలు పరిచి, వాటి మీద సోనామసూరి బస్తాలు గోడ కట్టినట్టు పేర్చాడు. ఆ పక్కన కందిపప్పు, చింతపండు. ఊళ్ళో కరువొస్తే జనం మా ఇంటికే రావాలి.

సరే, వాసన. ఇంగువ డబ్బా పై అరలోకి వెళ్ళింది. తర్వాత చేపలు మానేశాం, ఆ తర్వాత వేపుళ్ళు. దాల్చినచెక్క పరిమళం వచ్చే కొవ్వొత్తులు తెచ్చి గదికొకటి వెలిగించాను. దాంతో ఇల్లు దాల్చినచెక్కలో ఏదో కుళ్ళినట్టు తయారైంది. ఫణి ఒక ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాడు. గాలి బాగాలేదని దాని లైటు ఎర్రబడినప్పుడల్లా నా వైపు చూసేవాడు. సాయంత్రాలు అతనికి తలనొప్పి వస్తే దానికి కూడా నా పోపే కారణం.

నిజానికి వాసన సాయంత్రాలే ఎక్కువగా వచ్చేది, చలి ముదిరిన రోజుల్లో మరీనూ. నేను వండేది సాయంత్రాలే కాబట్టి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. అందరి స్నానాలూ ఆ వేళే అవుతాయని గానీ, చలి ముదిరిన రోజునే హీటర్ ఆగకుండా తిరిగి బేస్‌మెంట్ గాలిని ఇల్లంతా ఊదుతుందని గానీ మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పద్మనాభం గారు ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నారు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకు మంచు పార నుంచి డాక్టరు దాకా అన్నీ ఆయనే చూపిస్తారు. మా కష్టం విని అసలు ఆశ్చర్యపోలేదు. మన వంటల వాసన కార్పెట్లు పట్టేసుకుంటాయని, ఇక్కడ చలికి కిటికీలు తెరవలేం కాబట్టి అది పోయే దారే లేదని, వాళ్ళింట్లోనూ మొదటి చలికాలంలోనే ఇలాగే అయితే వాళ్ళావిడ లక్ష్మీకాంతం గారు వేపుళ్ళన్నీ గరాజ్‌లోకి మార్చేశారని చెప్పారు. అప్పటి నుంచీ అక్కడేనట. తమ దగ్గరున్న పాత కరెంటు పొయ్యి కూడా తెచ్చి ఇచ్చారు. అంత మంచి మనిషిని ఏమనగలం?

అలా నేను గరాజ్‌లో వంట మొదలుపెట్టాను. మోకాళ్ళ దాకా దిగే కోటు, చెవుల మీదికి టోపీ, ఒక చేతికి గ్లవ్, రెండో చేతిలో గరిటె. కారు పక్కన నిలబడి బెండకాయలు వేయించాను. నూనె కాగేసరికి వేళ్ళు కొయ్యబారాయి. ఆవాలు కూడా చలికి ముడుచుకున్నట్టు చాలాసేపు చప్పుడు చేయలేదు. వేపుడు లోపలికి తెచ్చి టేబుల్ మీద పెట్టేసరికి చల్లారి, నూనె గిన్నెకు అంటుకుపోయింది. లక్ష్మీకాంతం గారు ముప్ఫై చలికాలాలు ఇలాగే గడిపారంటే ఆవిడకు మనసులోనే దండం పెట్టాను.

అంత చేసినా వాసన అలాగే ఉంది. నేను పాస్తా ఉడకబెట్టిన రోజు కూడా వచ్చింది. పాత వాసనే ఇంకా గోడల్లో ఉందనుకున్నాం. నిందితుడే దోషి అని అంత నమ్మకం కుదిరాక నిజం ఎదురుగా వచ్చి నిలబడ్డా కనబడదు.

ఇదంతా భరించగలిగేదాన్నే. భరించలేకపోయింది మేధ సంగతి. వాళ్ళకు స్కూల్లో రోబోటిక్స్ టీమ్ ఒకటుంది. జనవరి నుంచి పోటీల దాకా శనివారాలు వంతులవారీగా ఒక్కొక్కరింట్లో కూర్చుని రోబో కడతారు. మొదటి వంతు మాది. మా ఇంట్లో కుదరదని మేధ కోచ్‌కు చెప్పేసిందని నాకు ఇంగ్రిడ్ వాళ్ళమ్మ ద్వారా తెలిసింది. ఆవిడ మామూలుగానే చెప్పింది, మీకు వీలుకాదట కదా, పర్వాలేదు, మా ఇంట్లో పెట్టుకుంటాం అని. ఫోన్ పెట్టేశాను. నా కూతురు నా ఇంటిని చూసి సిగ్గుపడుతోంది. ఆ సిగ్గు పోగొట్టడానికి నేను వంట మానేసినా చాలడం లేదు. ఇంకేం మానెయ్యాలో తెలియలేదు. గట్టిగా అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుందో అన్న భయంతో అడగలేదు కూడా.

క్రిస్మస్ సెలవులకు ఫ్రిస్కో వెళ్ళాం, మా పాత పొరుగువాళ్ళు రేణు, మోహన్‌ల ఇంటికి. వాళ్ళ వంటింట్లో నేను తెగ వండాను. మేధ గుత్తివంకాయ మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని తింటుంటే చూసి సంతోషపడ్డాను, వెంటనే కోపం కూడా వచ్చింది. నాలుగు గోడలు మారితే నచ్చే కూర మన ఇంట్లో ఎందుకు నేరమైంది? కోపం ఎవరి మీదో తేలక రేణు వాళ్ళ గిన్నెలు తోమాను.

తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం, ఎండ కాస్తోంది, ఎముకలు కొరికే చలి కూడా. సామాను లాక్కుంటూ వచ్చి ఫణి తలుపు తీశాడు. వాసన గుప్పుమని ముఖాన కొట్టింది. ఇంతకుముందు ఎప్పుడూ అంత ఘాటుగా లేదు. ముగ్గురం పెట్టెలు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాం. పొయ్యి మీద గిన్నె లేదు. ఫ్రిజ్ ఖాళీ చేసి వెళ్ళాం. చెత్త కూడా పారేసి వెళ్ళాం.

"మనం లేని ఇంట్లో పోపు ఎవరు పెట్టారు?" అన్నాను.

నాలో నిద్రపోతున్న టెస్టర్ అప్పుడు లేచింది. లేచి ముందు నన్నే తిట్టింది. కోటు కూడా విప్పకుండా వాసన పట్టుకుంటూ బయల్దేరాను. వంటింట్లో తక్కువ. బాత్‌రూముల్లో కొంచెం ఎక్కువ. బేస్‌మెంట్ తలుపు తీసేసరికి కళ్ళు మండాయి. మా ముగ్గురిలో మేధ ముక్కు చురుకు, అది ముందు నడిచింది. మెట్ల కింది గదిలో బియ్యం బస్తాల దగ్గర ఆగి, ఇక్కడే అని చూపించింది. బియ్యం పాడైందేమోనని బస్తాలన్నీ తడిమి చూశాను. బస్తాలు బాగానే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే ఈడ్చి, కింద చెక్కలు ఎత్తి చూస్తే నేలలో గుండ్రటి ఇనప జాలీ కనిపించింది.

"ఇదేంది, ఇక్కడ బాత్‌రూమ్ జాలీ ఉంది?" అన్నాడు ఫణి.

ఒకప్పుడు ఆ గదిలో బట్టలుతికే మెషీన్ ఉండేదని, పాత ఇంటివాళ్ళు దాన్ని పైకి మార్చారని అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ లైటు వేసి లోపలికి చూశాను. దుమ్ము, ఒక సాలెగూడు. తడి అన్నది లేదు, వాసన మాత్రం అందులోంచే ఎగదన్నుతోంది. మన ఊళ్ళలో జాలీ అంటే రోజూ బకెట్ల కొద్దీ నీళ్ళు పోతాయి, అది ఎండడం అనేది ఎవరూ చూసి ఉండరు. ఇక్కడ మేం దాన్ని శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, మీద చెక్కలు వేసి, బియ్యం తడవకూడదని ఆ గదిలో చుక్క నీరు పడకుండా కాపాడుకున్నాం. దానికి తోడు చలికాలపు పొడిగాలి.

తడిపి చూద్దామని బకెట్ నీళ్ళు తెచ్చి పోశాను. చాలా దాహంతో ఉన్న మనిషి తాగినట్టు గటగటమని మింగేసింది. ఇంకో బకెట్ పోశాక లోపల నీరు నిలిచి మెరిసింది. మర్నాటికి ఇల్లు చాలావరకు తేలికపడింది. ఫణి తలనొప్పి మాట ఎత్తలేదు.

చాలావరకే. పూర్తిగా కాదు. రెండు రోజుల్లో చలి ఇంకా దిగింది, స్నానాల వేళకు వంటింటి సింకు గుడగుడలాడింది, వాసన సన్నగా మళ్ళీ మొదలైంది. ఒక బగ్ వెనక ఇంకోటి దాక్కుని ఉండడం నాకు కొత్తేం కాదు. ప్లంబర్‌ని పిలిచాను. వచ్చినాయనకు పడిశం పట్టి ముక్కు మూసుకుపోయింది, ఏ వాసనా తెలియడం లేదట. అందుకని మేధను వెంటబెట్టుకుని గది గదికీ తిరిగి, ఎక్కడ ఎంత వస్తోందో దాన్నే అడిగాడు. మేధ చాలా గంభీరంగా, పరీక్ష రాస్తున్నట్టు జవాబులు చెప్పింది.

ఆయన చెప్పింది ఇదీ. ప్రతి డ్రెయిన్ కింద గొట్టం ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపులో నిలిచిన నీళ్ళే మురుగు గాలికి మూత. వాడని డ్రెయిన్‌లో నీళ్ళు ఆరిపోతే మూత తీసేసినట్టే. ఇంకో గొట్టం ఇంటి కప్పు మీదికి పోతుంది, ఆ గాలి బయటికి వెళ్ళడానికి. దాంట్లో తేమ ఉంటుంది కాబట్టి గడ్డకట్టే చలిలో గొట్టం మూతి దగ్గర మంచు పొరలు పొరలుగా పేరుకుని దాన్ని మూసేస్తుంది. అప్పుడు పైన ఎవరైనా నీళ్ళు వదిలితే, గొట్టాలు ఊపిరాడక సింకుల కింది నీళ్ళను లాగేసుకుంటాయి. ఆ గుడగుడ అదే. ఆ గాలి ఒంటికి కూడా మంచిది కాదని, మీ తలనొప్పులు అందువల్లే అయి ఉండవచ్చని ఫణితో అన్నాడు. ఫణి నా వైపు చూడకుండా కిటికీలోంచి మంచును చూశాడు.

ప్లంబర్ నిచ్చెన వేసి కప్పెక్కి వేడినీళ్ళతో మంచు కరిగించాడు. అటక మీద చల్లగాలి తగిలేచోట గొట్టానికి దళసరి దుప్పటిలాంటిది చుట్టాడు. వాడని డ్రెయిన్లలో నెలకోసారి నీళ్ళు పోయమన్నాడు. ఆ పైన కాస్త మినరల్ ఆయిల్ పోస్తే నీళ్ళు త్వరగా ఆరవట. వంటింటి సింకులో మాత్రం నూనె చుక్క కూడా పోయొద్దని, ఈ చలికి అది గొట్టంలో పేరుకుని రాయైపోతుందని హెచ్చరించాడు. ఒక చోట విషమైన నూనె ఇంకో చోట మందు. ఇంత తిరకాసు ఉన్న ఇంటిని ఎవరూ ఏమీ చెప్పకుండా మా చేతికి తాళాలిచ్చారు.

ప్లంబర్ వెళ్ళాక నేను అలమర పై అరలోంచి డబ్బాలు దించుతున్నాను. మేధ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. పెదవి కొరుక్కుంటోంది.

"అమ్మా, ఇంగ్రిడ్ అనలేదు. నేనే అన్నా."

నాకు అర్థం కాలేదు. ఏం అన్నావన్నాను.

"తను జస్ట్ ఏంటా స్మెల్ అని అడిగింది. కుకింగ్ అని అనలేదు. నేనే సారీ చెప్పేశా. దట్స్ మై మామ్స్ కుకింగ్, ఐయామ్ సో సారీ అని." జేబులోంచి ఫోన్ తీసింది. "నిన్న తనకి డ్రెయిన్ గురించి మెసేజ్ చేశా. వాళ్ళ తాతయ్య లేక్ హౌస్ వింటరంతా లాక్ చేసి ఉంటుందంట, స్ప్రింగ్‌లో తీసినప్పుడల్లా ఇదే స్మెల్ వస్తుందంట. అప్పుడే చెబుదామనుకుందంట. నేను ముందే సారీ చెప్పేసరికి ఇంక ఏమనాలో తెలీలేదంట."

అంటే నవంబరులోనే, ఆ గుమ్మం దగ్గరే, మా ఇంటి జబ్బు తెలిసిన పిల్ల ఒకటి నిలబడింది. నా కూతురు దాని నోరు మూయించింది, నా వంటను అడ్డం పెట్టి. నాకు చాలా బాధేసింది. అబద్ధం చెప్పను, ఒక్క నిమిషం మేధను చూడబుద్ధి కాలేదు. కానీ ఆ నిమిషంలోనే ఇంకోటి కూడా తెలిసింది. ఎవరూ వేలెత్తి చూపకుండానే మేం ముగ్గురం చేతులు కట్టుకుని నిలబడ్డాం. పధ్నాలుగేళ్ళ పిల్ల సారీ చెప్పింది. నలభై దాటినదాన్ని నేను కోటు వేసుకుని గరాజ్‌లోకి వెళ్ళాను. మా ఇద్దరిలో ఎవరిది పెద్ద పొరపాటు?

దాన్ని దగ్గరికి తీసుకున్నాను. భుజం మీద తల పెట్టి ఏడ్చింది, ఈ మధ్య నా ఎత్తుకు వచ్చేసింది కాబట్టి కాస్త వంగి. "ఇంకెప్పుడూ దేనికీ ముందే సారీ చెప్పకు. ముందు ఏంటని అడుగు" అన్నాను. ఆ మాట దానికి ఎంత చెప్పానో నాకూ అంతే చెప్పుకున్నాను.

కరెంటు పొయ్యి తిరిగిచ్చేస్తానని లక్ష్మీకాంతం గారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. జాలీ సరిగ్గా ఎక్కడుందో ఆవిడ మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు. "మా బేస్‌మెంట్‌లో కూడా అలాంటి జాలీ ఒకటి ఉందమ్మా" అన్నారు చివరికి. "దాని మీద ఆయన గోల్ఫ్ బ్యాగు పెట్టారు." మళ్ళీ మాట్లాడతానని ఫోన్ పెట్టేశారు. ఆ సాయంత్రం పద్మనాభం గారి పరిస్థితి ఏమై ఉంటుందో తలుచుకుంటే జాలేసింది, కానీ మరీ ఎక్కువగా కాదు. వారం తిరిగేసరికి ఆవిడ తన వంటింట్లో నిలబడి మిరపకాయ బజ్జీలు వేస్తున్న ఫోటో పంపారు. ఒంటి మీద కోటు లేదు.

మేధ కోచ్‌కు తనే మెసేజ్ పెట్టి వచ్చే శనివారం వంతు అడిగి తీసుకుంది. పిజ్జా తెప్పించనా అని అడిగాను. మామూలుగా ఏం చేస్తామో అదే చెయ్యమంది. ఎవరికైనా నచ్చకపోతే బ్రెడ్ ఉంది కదా అంది. ఆ తెగింపు నాకు నచ్చింది.

శనివారం పొద్దున బేస్‌మెంట్‌లోకి వెళ్ళి జాలీలో నీళ్ళు పోసి వచ్చాను. గుత్తివంకాయ పొయ్యి మీద పెట్టి, చారుకు పోపు వేస్తుంటే గంట మోగింది. పిల్లలు ఒకరి వెనక ఒకరు మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. ఇంగ్రిడ్ చివర వచ్చింది. కోటు విప్పుతూ ఆగి, గాలి పీల్చి, ఏంటా వాసన అని మేధను అడిగింది.

గరిటె నా చేతిలో ఆగిపోయింది. నేను వెనక్కి తిరగలేదు.

"దట్స్ మై మామ్స్ కుకింగ్" అంది మేధ. ఇంకేమీ అనలేదు. ఇంగ్రిడ్ చేతిలోని కోటు అందుకుని కొక్కేనికి తగిలించి, టీమ్‌నంతా వంటింటి టేబుల్ దగ్గరికే తీసుకొచ్చి కూర్చోబెట్టింది.